'త్వరలో' అంటే ఎన్నొద్దులు?

శ్రీశైలం జలాశయం నుంచి నల్లగొండ జిల్లాకు కృష్ణ నీళ్లు తేవాల్సిన శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం మళ్లీ వార్తల్లోకెక్కింది. దానితోపాటే ప్రకటనల్లోకి 'త్వరలో' అన్న మాటా వచ్చి చేరింది. ఇంగ్లిషు ప్రెస్‌నోట్‌లో 'సూన్' ఉన్నా, 'షార్ట్‌లీ' ఉన్నా, 'ఎట్ ది ఎర్లియెస్ట్' ఉన్నా తెలుగులోకి వచ్చేసరికి అన్నిటికీ అదొక్కటే. నల్లగొండ, దేవరకొండ, మునుగోడు దిక్కు రైతుల పేచీ ఈ మాట దగ్గరే. శంకుస్థాపనల కథ ఈ జిల్లాలో తెలియనివాళ్లు లేరు కాబట్టి 1980ల ముచ్చట వదిలేసి, పేచీ ముదిరిన చోటికే పోదాం.

అది 1996. ఆ ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది బరిలో నిలిచారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పళ్లు గారపట్టి, ఎముకలు వంకరపోయిన ఊళ్ల గోడు ఢిల్లీకి వినబడాలని జలసాధన సమితి వేయించిన నామినేషన్లే అందులో ఎక్కువ. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. పోలింగ్‌ను వాయిదా వేయక తప్పలేదు. అదే ఏడాది పార్లమెంటు ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించింది. లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్ 500 నుంచి 10,000 రూపాయలకు పెరిగింది. స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకులు ఉండాలన్న నిబంధన వచ్చింది. అభ్యర్థుల సంఖ్య తగ్గించే చట్టం నెలల్లోనే తయారైంది. ఆ అభ్యర్థులు అడిగిన నీళ్లకు మాత్రం 'త్వరలో' అన్న జవాబే మిగిలింది. ఈ జిల్లాలో ఆ మాట మీద నమ్మకం సడలింది అక్కడేనని నా అభిప్రాయం. అంతకుముందు నీళ్లు ఇస్తారా ఇవ్వరా అని అడిగేవారు. ఆ తర్వాత అడగడం మొదలైంది తారీకు.

కృష్ణ నీళ్లు అసలే రాలేదని అనలేం. సొరంగం ఆలస్యమవుతోందని నాగార్జునసాగర్ నుంచి పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి, అక్కంపల్లి జలాశయం మీదుగా కాలువల్లోకి వదిలారు. అలిమినేటి మాధవరెడ్డి పేరు పెట్టిన ప్రాజెక్టు ఇదే. హైదరాబాద్ తాగునీటికీ అక్కంపల్లే ఆధారమైంది. అయితే ఎత్తిపోయాలంటే మోటార్లు తిరగాలి, కరెంటు కాలాలి. సొరంగమైతే నీళ్లు వాటంతటవే పారుతాయి. తాత్కాలికంగా మొదలైనది కొంత ఆకలి తీర్చేసరికి, అసలు పనికి ఉండాల్సిన తొందర పోయింది.

తారీకు 2005లో దొరికింది. శ్రీశైలం వైపున్న దోమలపెంట నుంచి మన్నెవారిపల్లి దాకా దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం, రెండు వైపుల నుంచి రెండు టన్నెల్ బోరింగ్ మిషన్లు, 2010కల్లా పూర్తి. అది తప్పింది. ఎందుకు తప్పిందో అధికారులు చెప్పే కారణాలు కొట్టిపారేసేవి కావు. పైన అమ్రాబాద్ పులుల అడవి ఉండటంతో మధ్యలో ఎక్కడా దిగడానికి దారి తవ్వే వీల్లేదు. 2009 అక్టోబరు వరదకు శ్రీశైలం వైపు మిషన్ మునిగింది. రాయి గట్టిది, ఊట ఎక్కువ. ఇవన్నీ నిజాలే. కానీ ప్రతి కారణం వెనకాల కొత్త తారీకు రావాలి కదా? చాలాసార్లు వచ్చింది 'త్వరలో'.

ఆ మాట కాలువ చివర ఎట్లా పనిచేస్తుందో చూడండి. యాసంగి మొదట్లో కనగల్ దిక్కు రైతు, కాలువ నీళ్లు చూసే లష్కరును అడుగుతడు: "అన్నా, నీళ్లెప్పుడిడుస్తరే?" లష్కరు చెప్తడు: "జల్దినే ఇడుస్తరు తమ్మీ." అతనికి పైనుంచి వచ్చింది 'త్వరలో'నే, అతను దాన్ని ఇంటి మాటలోకి మార్చిండు. ఇక్కడ ఇండ్లల్ల ఎవరూ 'త్వరలో' అనరు. దబ్బున రా అంటే చేతిల పని విడిచిపెట్టి రమ్మని. జరసేపట్ల అంటే పొయ్యి మీద అన్నం ఉడికేలోపు. నాల్గొద్దులల్ల అంటే నాలుగో అయిదో దినాలు. ప్రతి మాటకూ ఒక కొలత ఉంది. జల్ది అన్న మాట విన్న రైతు బోరు నీళ్లతో నారు పోస్తడు. నారుకు దాని లెక్క దానికుంటది. 30 రోజులు దాటితే ముదురుతది, నాటినా పిలకలు సరిగ్గ పెట్టదు. కాలువ నీళ్లు నలభయ్యో రోజున వస్తే 'త్వరలో' అన్నవాళ్లది తప్పు కానట్టే ఉంటది, నారు మాత్రం పోయినట్టే.

ఇంగ్లిషులోనూ ఇదే సాగింది. 'సూన్'కు మూలమైన పాత ఇంగ్లిషు మాట 'సోనా'కు అర్థం 'వెంటనే'. 'అనాన్', 'ప్రెజెంట్‌లీ', 'బై అండ్ బై' కూడా ఒకప్పుడు 'ఇప్పుడే' అని చెప్పిన మాటలే. పని ఆలస్యమైన ప్రతిసారీ అవి కొంచెం సాగుతూ, చివరికి 'ఎప్పుడో ఒకప్పుడు' దగ్గరికి చేరాయి. చట్టానికి ఈ సంగతి తెలుసు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 46వ సెక్షన్ ప్రకారం గడువు రాయని ఒప్పందాన్ని సముచిత కాలంలో నెరవేర్చాలి, ఏది సముచితమో ఆయా సందర్భాన్ని బట్టి తేల్చాలి. గుత్తేదారుకు ఆ మాత్రం కట్టుబాటు ఉంది. రైతుకు చెప్పిన 'త్వరలో'కు ఏ సెక్షనూ లేదు.

2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు సుమారు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు కూలింది. ఎనిమిది మంది చిక్కుకుపోయారు. బతుకుదెరువుకు ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో వచ్చినవాళ్లు. నెల రోజులకు పైగా గాలిస్తే ఇద్దరి మృతదేహాలే బయటికొచ్చాయి. ఇంటిమనిషి కోసం ఎదురుచూసే వాళ్లకు ఆ రోజుల్లో 'త్వరలో' అన్న మాట ఎంత బరువై ఉంటుందో చెప్పనక్కర్లేదు.

ఆ ప్రమాదం నాటికి ఇంకా తవ్వాల్సింది తొమ్మిది కిలోమీటర్లకు పైనే. సొరంగం పూర్తయితే నల్లగొండ జిల్లాలో మూడు లక్షల ఎకరాలకు పైగా పారుతుంది. ప్రమాదం తర్వాత, మిషన్ పక్కనపెట్టి రాయి పేల్చుకుంటూ పోవాలన్న ఆలోచన వచ్చింది. అది మంచిదా చెడ్డదా తేల్చాల్సింది భూగర్భ నిపుణులు. రైతులు అడుగుతున్నది దానికి ముందటి సంగతి: నెలకు ఎన్ని మీటర్లు తవ్వుతారు, ఏ నెలకు ఎంతవరకు పోతారు, ఆ లెక్క ప్రతి మండల కార్యాలయం గోడ మీద రాసి పెడతారా?