క్యాసెట్‌లో ఊదితే ఆడేదా?

పిల్లలూ,

"వీడియో గేమ్ క్యాసెట్‌లో నోటితో ఊదేవాళ్లట, నిజమేనా మామయ్యా?" అని అడిగారు కదా. నిజమే. ఆ అలవాటు వెనక ఒక వ్యాపార కథ ఉంది.

జపాన్‌లోని క్యోటోలో 1889లో పేకముక్కల కంపెనీగా మొదలైన నింటెండో, 1983 జులై 15న ఎరుపు, తెలుపు రంగుల్లో ఒక వీడియో గేమ్ పెట్టె విడుదల చేసింది. పేరు ఫ్యామిలీ కంప్యూటర్, ధర 14,800 యెన్లు. జనం నోట్లో అది ఫామికామ్ అయింది. దాన్ని తయారు చేయించిన ఇంజనీరు మసయుకి ఉయెమురా. ఆట ఉండే క్యాసెట్‌ను పైనుంచి నిలువుగా దించితే చాలు, ఆట మొదలు.

సరిగ్గా అదే ఏడాది అమెరికాలో వీడియో గేమ్‌ల వ్యాపారం కుప్పకూలింది. నాసిరకం ఆటలు గుట్టలుగా పేరుకుపోయాయి. అమ్ముడుపోని క్యాసెట్లను అటారీ కంపెనీ లారీల్లో తీసుకెళ్లి న్యూ మెక్సికో రాష్ట్రంలో అలమొగోర్డో ఊరి చెత్తగుంతలో పూడ్చేసింది. వాటిలో కొన్నిటిని 2014లో తవ్వి తీశారు కూడా!

దాంతో అక్కడి దుకాణదారులు వీడియో గేమ్ అంటేనే దణ్ణం పెట్టేశారు. 1985లో తన పెట్టెను న్యూయార్క్‌లో అమ్మకానికి తెచ్చిన నింటెండో అందుకే దాని వేషం మార్చింది. పెట్టెకు బూడిద రంగు వేసి, అచ్చం వీసీఆర్‌లా (సినిమా క్యాసెట్లు ఆడించే పెట్టెలా) కనిపించేట్టు చేసింది. తోడుగా ఒక రోబో బొమ్మనూ ఇచ్చింది. ఆ రోబోతో ఆడే ఆటలు వచ్చినవి రెండే, కానీ పెట్టెను బొమ్మల షాపులోకి చేర్చే పని మాత్రం అది చేసిపెట్టింది. ఆపైన మారియో వచ్చాడు, ఇక చెప్పేదేముంది. ఆ ఆట మొత్తం 40 కిలోబైట్లు. మీరు ఫోన్లో తీసే ఒక్క ఫొటో అంతకన్నా ఎన్నో రెట్లు పెద్దది. చోటు చాలక మేఘాన్నే పచ్చరంగు వేసి పొదగా వాడుకున్నారు. నమ్మకపోతే ఆ ఆట వీడియో పెట్టి, ఆపి చూడండి.

చిక్కల్లా ఆ వీసీఆర్ వేషంతోనే వచ్చింది. ముందు మూత తెరిచి, క్యాసెట్ తోసి, కిందికి నొక్కాలి. నొక్కగా నొక్కగా లోపలి పిన్నులు వదులయ్యేవి. దానికి తోడు దొంగ క్యాసెట్లను ఆపడానికి పెట్టిన తాళం చిప్ ఒకటి. పిన్నులు సరిగా తగలకపోతే అది అసలు క్యాసెట్‌ను కూడా నమ్మదు, ఆటను మళ్లీ మళ్లీ రీసెట్ చేస్తుంది. తెర మిణుకు మిణుకుమంటుంది. పిల్లలు క్యాసెట్ బయటికి తీసి, ఊది, మళ్లీ పెట్టేవాళ్లు. ఆడేది! అయితే ఆ గొప్ప చాలావరకు ఊదినందుకు కాదు, తీసి మళ్లీ పెట్టినందుకు. ఊపిరిలోని తడికి పిన్నులు తుప్పు పట్టే ప్రమాదం కూడా ఉంది.

మన ఇళ్లలోకి వచ్చినవి ఎక్కువగా ఫామికామ్‌కు నకళ్లు. వాటిలో ఆ తాళం చిప్ లేదు, క్యాసెట్ కూడా పైనుంచే పెట్టాలి. అయినా మేమూ భక్తిగా ఊదాం. క్యాసెట్ మీద లక్షల ఆటలని రాసేవాళ్లు. పెట్టి చూస్తే ఉన్నవి కొన్నే. అదే కాంట్రా అనే ఆట ఒకచోట మొదటి లెవెల్ నుంచి, ఇంకోచోట మూడో లెవెల్ నుంచి, వేరే వేరే పేర్లతో. మీ అమ్మకు ఆ మోసంతో పేచీ లేదు. మూడో లెవెల్‌దే పెట్టమని గొడవ చేసేది.

మీ
మామయ్య