స్మార్ట్ హోమ్ మెష్‌లో మాటిమాటికీ ఆఫ్‌లైన్ అయ్యే డివైస్‌లు: అపోహలు - వాస్తవాలు

నిన్నటిదాకా బాగా పనిచేసిన డోర్ సెన్సర్ ఇవాళ పలకదు. బటన్ నొక్కిపట్టి మళ్లీ పెయిర్ చేస్తే వస్తుంది, నాలుగు రోజులకు మళ్లీ పోతుంది. తిట్లన్నీ సెన్సర్‌కే పడతాయి గానీ, చాలాసార్లు తప్పు దానిది కాదు. అది ఏ రౌటర్ (మధ్యలో ఉండి సందేశాలు అందించే మరో స్మార్ట్ డివైస్, వైఫై రౌటర్ కాదు) మీద ఆధారపడి, అన్నిటినీ నడిపే హబ్‌తో మాట్లాడుతోందో ఆ రౌటర్‌లోనో, చుట్టూ ఉన్న రేడియో రొదలోనో ఉంటుంది అసలు లోపం. కింద చెప్పినవి ముఖ్యంగా జిగ్‌బీ గురించి, అంటే డివైస్‌లు ఒకదాని సందేశాలను ఒకటి అందించుకుంటూ మెష్ అనే వలగా కలిసే రేడియో పద్ధతి గురించి. రేడియో విషయాలు థ్రెడ్ అనే మరో మెష్ పద్ధతికీ వర్తిస్తాయి.

అపోహ: డివైస్‌లు ఎన్ని ఎక్కువుంటే మెష్ అంత గట్టిగా ఉంటుంది.

గట్టిపడేది రౌటర్లు పెరిగితేనే. బ్యాటరీతో నడిచే సెన్సర్లు, రిమోట్లు ఎక్కువసేపు నిద్రలోనే ఉంటాయి, పక్కవాటి సందేశాలను మోయవు. అలాంటివి 40 పెట్టినా మెష్‌కు ఒరిగేది సున్నా. ఎప్పుడూ కరెంటు ఉండే ప్లగ్‌లు, న్యూట్రల్ వైరు ఉన్న స్విచ్‌లు సాధారణంగా రౌటర్లుగా పనిచేస్తాయి. న్యూట్రల్ అక్కర్లేని స్విచ్‌లు గోడలో బిగించి ఉన్నా చాలావరకు సందేశాలు మోయని ఎండ్ డివైస్‌లే. సెంగ్‌లెడ్ జిగ్‌బీ బల్బుల్లాంటివైతే కరెంటు మీదే నడుస్తాయి, అయినా రిలే చేయవు. కొనేముందు ఇది చూసుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది రౌటర్‌గా పనిచేసే స్మార్ట్ బల్బు. గోడ స్విచ్ ఆపగానే దాంతోపాటు ఒక రౌటర్ కూడా మాయమవుతుంది. దాని కింద ఉన్న సెన్సర్లు కొత్త పేరెంట్‌ను, అంటే తమ సందేశాలు మోసే మరో రౌటర్‌ను, వెతుక్కోవాలి. కొన్ని వెతుక్కుంటాయి. షావోమీ, అకారా పాత సెన్సర్లు మాత్రం పట్టుకున్న పేరెంట్‌ను ఓ పట్టాన వదలవు, అలాగే మూగబోతాయి. అందుకే ఆ స్విచ్ ఎప్పుడూ ఆన్‌లో ఉండేలా మూత బిగించండి, లేదా రిలే పనిని ఎవరూ పీకని ప్లగ్‌కు అప్పగించండి.

అపోహ: లింక్ క్వాలిటీ అంకె బాగుంది కాబట్టి కనెక్షన్ బాగుంది.

ఎల్‌క్యూఐ అనే ఈ అంకె 0 నుంచి 255 దాకా ఉంటుంది, కానీ దాన్ని ఒక్కో చిప్ ఒక్కోలా లెక్కగడుతుంది. పైగా సాధారణంగా తెరమీద కనిపించేది ఆఖరి అంచెది మాత్రమే. సెన్సర్ సందేశం మధ్యలో ఉన్న ప్లగ్ ద్వారా వస్తుంటే, మీరు చూస్తున్నది ప్లగ్‌కూ హబ్‌కూ మధ్య నాణ్యత. సెన్సర్‌కూ ప్లగ్‌కూ మధ్య ఏం జరుగుతోందో అందులో ఉండదు.

నెట్‌వర్క్ మ్యాప్ కూడా ఆ క్షణానికి తీసిన ఫొటో లాంటిదే. గీత లేనంత మాత్రాన తెగిపోయినట్టు కాదు. ఊరికే రిఫ్రెష్ చేస్తూ కూర్చోవద్దు: మ్యాప్ కోసం అడిగే ప్రశ్నలన్నీ అదే నెట్‌వర్క్ మీద పడతాయి. దానికన్నా 'చివరిసారి కనిపించిన సమయం' నమ్మదగింది. జిగ్‌బీ2ఎంక్యూటీటీ అనే హబ్ సాఫ్ట్‌వేర్‌లో అవైలబిలిటీ (డివైస్ అందుబాటులో ఉందో లేదో చూసే సెట్టింగ్) ఆన్ చేస్తే, బ్యాటరీ డివైస్‌ను ఆఫ్‌లైన్ అని చెప్పడానికి డిఫాల్ట్‌గా 25 గంటలు ఆగుతుంది. అంటే నిన్న ఉదయమే మూగబోయిన సెన్సర్ ఇప్పటికీ ఆన్‌లైన్ అనే కనిపించొచ్చు.

అపోహ: వైఫై వేరు, జిగ్‌బీ వేరు. రెండూ తగులుకోవు.

రెండూ 2.4 గిగాహెర్ట్జ్‌లోనే ఉన్నాయి. గందరగోళమంతా ఛానెల్ అంకెలతో వస్తుంది. జిగ్‌బీ 11 ఉండేది 2405 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే వైఫై 1 నీడలో. వైఫై 11 వచ్చి పడేది జిగ్‌బీ 21 నుంచి 24 మీద. వైఫై 1, 6, 11 ఛానెళ్లు 20 మెగాహెర్ట్జ్ వెడల్పుతో నడుస్తుంటే వాటి మధ్య సందుల్లో జిగ్‌బీ 15, 20 ఇముడుతాయి, 25 చివర మిగులుతుంది. 26 కూడా ఖాళీయే, కానీ కొన్ని డివైస్‌లు ఆ ఛానెల్‌లో చేరవు, కొన్ని పవర్ తగ్గించుకుంటాయి.

కాబట్టి ముందు వైఫై రౌటర్‌లో 2.4 బ్యాండ్‌ను 20 మెగాహెర్ట్జ్‌కు దించండి, 40లో ఉంటే ఆ సందులు మూసుకుపోతాయి. 'ఆటో' తీసేసి ఛానెల్‌ను ఖాయం చేయండి. మీరు జిగ్‌బీని జాగ్రత్తగా సర్దాక వైఫై తనంతట తాను జరిగితే చేసిన పని వృథా. వైఫై ఛానెల్ మార్చడం రెండు నిమిషాల పని. జిగ్‌బీ ఛానెల్ మార్చాక మాత్రం నిద్రలో ఉన్న బ్యాటరీ డివైస్‌లలో కొన్నిటిని ఒక్కొక్కటిగా మళ్లీ పెయిర్ చేయాల్సి రావొచ్చు. అందుకే వైఫైని జరపడమే మొదటి ప్రయత్నం.

హబ్ కంప్యూటర్‌కు తగిలించే యూఎస్‌బీ డాంగిల్ అయితే ఇంకో దొంగ ఉన్నాడు. యూఎస్‌బీ 3 పోర్టులు, వాటికి తగిలించిన ఎస్‌ఎస్‌డీలు, కేబుళ్లు సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూ రొద చేస్తాయి. డాంగిల్‌ను 1 నుంచి 2 మీటర్ల ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో, వీలైతే యూఎస్‌బీ 2 పోర్టు నుంచి, కంప్యూటర్‌కూ వైఫై రౌటర్‌కూ ఎడంగా పెట్టండి. ఇంత చవకైన మందు ఇంకోటి లేదు, అయినా అందరూ ఆఖరికే ప్రయత్నిస్తారు.

అపోహ: హబ్ ట్రాన్స్‌మిట్ పవర్ పెంచితే సరిపోతుంది.

హబ్ అరుపు సెన్సర్‌కు వినిపిస్తుంది, నిజమే. జవాబు మాత్రం నాణెమంత బ్యాటరీతో, బియ్యపుగింజంత యాంటెన్నాతో రావాలి. అది పెరగదు. దారిలో ఒక రౌటర్ పెట్టడమే పరిష్కారం.

అపోహ: బ్యాటరీ 80 శాతం చూపిస్తోంది, కాబట్టి అనుమానం అక్కర్లేదు.

ఆ శాతం చాలా డివైస్‌లలో వోల్టేజి నుంచి వేసిన అంచనా. సీఆర్2032 లాంటి లిథియం సెల్ వోల్టేజి దాదాపు చివరిదాకా నిలకడగా ఉండి, ఒక్కసారిగా జారుతుంది. పాతబడిన సెల్‌లో అంతర్గత నిరోధం పెరుగుతుంది కాబట్టి, మామూలుగా 3 వోల్టులు చూపినా రేడియో ఆన్ అయిన క్షణంలో కిందికి పడి చిప్ రీసెట్ అవుతుంది. చలిలో ఇది ఇంకా ఎక్కువ. కొత్త సెల్ వేసి చూడటం చాలా తేలికైన పరీక్ష.

అపోహ: పడిపోయిన డివైస్‌ను డిలీట్ చేసి మళ్లీ కలపాలి.

డిలీట్ చేస్తే పేరు, ఆటోమేషన్లు పోయే ప్రమాదం ఉంది. చాలా హబ్‌లలో తీసేయకుండానే పెయిరింగ్ మోడ్ తెరిచి కలిపితే పాత ఎంట్రీలోకే వస్తుంది. హబ్ దగ్గరికి తెచ్చి మాత్రం పెయిర్ చేయొద్దు. అలా చేస్తే అది హబ్‌నే పేరెంట్‌గా పట్టుకుని, మళ్లీ దూరపు గదిలోకి వెళ్లాక ఇబ్బంది పడుతుంది. అది ఉండాల్సిన చోటే ఉంచి, దగ్గర్లో ఉన్న రౌటర్ ద్వారా మాత్రమే చేరేలా పెయిరింగ్ తెరిచే వీలుంటే అలా తెరవండి.

అపోహ: మెష్ నెమ్మదించిందంటే హబ్ పాతబడింది.

పవర్ కొలిచే ప్లగ్‌లను ఒకసారి చూడండి. జిగ్‌బీ రేడియో వేగం సెకనుకు 250 కిలోబిట్లు, అందరూ పంచుకోవాల్సిందే. ప్రతి సెకనూ వాట్లు, వోల్టులు, ఆంపియర్లు పంపే ప్లగ్‌లు ఓ పది ఉంటే స్విచ్ నొక్కిన సందేశం వరసలో నిలబడుతుంది. రిపోర్టింగ్ సెట్టింగ్స్‌లో కనీస వ్యవధిని 10 సెకన్లకు పెంచి, కనీసం 5 వాట్లు మారితేనే పంపమని చెప్పండి. అక్కర్లేని వోల్టేజి రిపోర్టులు తీసేయండి.

అపోహ: మ్యాటర్ డివైస్‌లు కొంటే ఈ గొడవలుండవు.

మ్యాటర్ అనేది వేర్వేరు కంపెనీల డివైస్‌లు మాట్లాడుకునే భాష, రేడియో కాదు. అది వైఫై, ఈథర్‌నెట్, థ్రెడ్ మీద నడుస్తుంది. థ్రెడ్ వాడేది జిగ్‌బీ వాడే 802.15.4 రేడియోనే. పైన చెప్పిన రొద, యూఎస్‌బీ 3, నిద్రపోయే డివైస్‌లు అన్నీ అక్కడా ఉంటాయి. అదనంగా, వేర్వేరు కంపెనీల బోర్డర్ రౌటర్లు (థ్రెడ్‌ను ఇంటి నెట్‌వర్క్‌కు కలిపేవి) రెండు పెడితే ఒకే మెష్‌గా కలవకుండా రెండు వేర్వేరు థ్రెడ్ నెట్‌వర్క్‌లుగా విడిపోవచ్చు. యాప్‌లో ఒక్క ఇల్లే కనిపిస్తుంది కాబట్టి, ఏ డివైస్ ఏ నెట్‌వర్క్‌లో ఉందో విడిగా చూస్తే తప్ప ఈ సంగతి బయటపడదు.