షెడ్డులోని బండి గురించి మనవలకు ఉత్తరం

చిరంజీవులైన మనవడికీ మనవరాలికీ తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ మేము క్షేమం.

షెడ్డులోని ఫోర్డ్ కంట్రీ స్క్వైర్ అనే స్టేషన్ వాగన్ (వెనక సీట్లూ సామానూ పట్టే పొడవాటి కారు) తాళాలు ఈ వేసవిలో మీకు అప్పగిస్తానని మాట ఇచ్చాను గనుక, దానిలో ఏది మార్చవచ్చో, ఏది ముట్టుకోకూడదో, ఎందుకో ముందుగా రాసి పెడుతున్నాను.

1965లో అమెరికా వలస చట్టం మారి దేశాలవారీ కోటాలు పోయిన తరువాత మన తెలుగు ఇంజనీర్లూ డాక్టర్లూ ఎందరో ఈ దేశం వచ్చారు. ఆ వరుసలోనే నేనూ మీ నాయనమ్మా 1971లో మిషిగన్ చేరాము. మరుసటి ఏడు ఈ 1966 మోడల్ బండిని ఒకరు వాడినదే కొన్నాము. దాని పక్కలకు కనిపించే కర్ర నిజానికి కర్ర కాదు. 1950లో ఈ పేరుతో వచ్చిన తొలి బండ్లకు అసలైన కర్రే ఉండేది. తరువాత ఉక్కు రేకు మీద కర్ర చారలు ముద్రించిన వినైల్ పొర అంటించడం మొదలుపెట్టారు. అందుచేత దానిని వార్నిష్‌తోనో, గరుకు కాగితంతోనో ఎన్నడూ రుద్దవద్దు.

వెనక తలుపు ఈ బండిలో ఒక ప్రత్యేకత. పలకలా కిందికీ వాలుతుంది, మామూలు తలుపులా పక్కకూ తెరుచుకుంటుంది. 1966లోనే ఫోర్డ్ దానిని తెచ్చింది. అద్దం పూర్తిగా దించిన తరువాతే దానిని తెరవాలి, బయలుదేరే ముందు అద్దం మళ్ళీ ఎత్తాలి. దించి ఉంచితే నడుస్తున్న బండి వెనక ఏర్పడే గాలి సుడిలో పొగ లోపలికి వస్తుంది; దానిలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు. వెనక ఎదురెదురుగా ఉన్న రెండు చిన్న సీట్లలో మీ నాన్న, మీ అత్త పెరిగారు. వాటికి బెల్టులు లేవు. ఆ రోజుల్లో మాకు తెలియలేదు. మీరు మాత్రం అక్కడ ఎవరినీ కూర్చోబెట్టకండి.

1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆపినప్పుడు, పెట్రోలు తెగ తాగే, ఆరు లీటర్లకు పైబడిన ఈ వి-8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్‌ను చూసి అమ్మేయమని చెప్పనివారు లేరు. పెట్రోలు బంకు దగ్గర తెల్లవారుజామునే వరుసలో నిలబడ్డాను గాని, అమ్మలేదు.

దీనికి అసలు శత్రువు తుప్పు. ఇక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు, నీటితో కలిసి బండి అడుగున మడతల్లో చేరి రేకును లోపలినుంచి తింటుంది. ఒకసారి డబ్బు మిగులుతుందని ఒక దుకాణంలో ఇస్తే, చిల్లులను పుట్టీతో పూడ్చి పైన రంగు కొట్టి ఇచ్చారు. రెండు చలికాలాలకే పెచ్చులు ఊడి, మీ అత్త కాళ్ళ దగ్గరనుంచి రోడ్డు కనిపించింది. పుట్టీ తడిని పట్టి ఉంచుతుంది గనుక, దాని వెనక తుప్పు మరింత వేగంగా పాకుతుంది. 1994లో మీ నాన్న బండి రేకంతటికీ అయస్కాంతం ఆనించి చూశాడు. అది అతుక్కోనిచోటల్లా పుట్టీయే. కుళ్ళిన రేకును మంచి రేకు తగిలేవరకూ కోసి, కొత్త ముక్క పెట్టి, సన్నని రేకు వేడికి వంకరపోకుండా ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్కగా వెల్డింగ్ చేశాడు. ఆ పనికి రెండు వేసవులు పట్టింది.

బ్రేకుల విషయంలో పాతదనం మీద మోజు పనికిరాదు. 1966 బండిలో నాలుగు చక్రాలకూ కలిపి బ్రేకు ద్రవం ఒకే దారిలో వెళ్ళేది. ఒక్క గొట్టం పగిలితే నాలుగూ పోయేవి. 1967 మోడళ్ళనుంచి ముందు చక్రాలకు ఒకటి, వెనక చక్రాలకు ఒకటిగా రెండు దారులు పెట్టారు. మేమూ అలాగే మార్పించాము. కంపెనీ నుంచి వచ్చినట్టే ఉండాలనేవారు తప్పు పట్టినా, మీరు వెనక్కి మార్చకండి. సీసం కలిపిన పెట్రోలును 1996 నుంచి రోడ్డు వాహనాలకు నిషేధించారు. ఇంజన్‌లో వాల్వులు కూర్చునే చోటు అరిగిపోకుండా ఆ సీసమే కాపాడేది. అందుకే మీ నాన్న అక్కడ గట్టి ఉక్కు వలయాలు వేయించాడు. ఇప్పటి పెట్రోలులోని ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను చెడగొడుతుంది, ఏటా వంచి చూసి పగుళ్ళు ఉంటే మార్చండి.

మార్చకూడనిది ఒక్కటే. గ్లవ్ బాక్స్ మూత తెరిస్తే లోపలివైపు వేలి ముద్రంత కుంకుమ మరక ఉంటుంది. బండి ఇంటికి వచ్చిన రోజు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి పూజ చేసి, మీ నాయనమ్మ పెట్టిన బొట్టు అది. లోపలంతా రంగు వేయించినప్పుడు మీ నాన్న ఆ మూతను విప్పి, గుడ్డలో చుట్టి, బీరువాలో దాచి, పని అయిన తరువాత పాత మరలతోనే బిగించాడు. మీరు రంగు వేయించినా అలాగే చేయండి. ఏప్రిల్ వానలు రెండు మూడు పడి, రోడ్ల మీది ఉప్పు కొట్టుకుపోయిన తరువాతే బండిని బయటికి తీయండి.

మీ తాతయ్య