తూటాల తగువులో గాలి మాట

రాయలసీమ పల్లెల్లో లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్లకు ఎన్నికలొస్తే ఒక పని పడుతుంది. తుపాకీని పోలీస్ స్టేషన్‌లో అప్పగించి రసీదు తెచ్చుకోవాలి. ఎక్కువగా పన్నెండు బోరు తుపాకులే, అక్కడక్కడ .315 రైఫిళ్లు. కడప దగ్గర మా బంధువు ఒకాయన తన .315 అప్పగించి ఇంటికొచ్చిన రోజున, అనంతపురంలో బీటెక్ చదివే మేనల్లుడు పట్టుకున్నాడు. వాడు ఎన్‌సీసీలో పాయింట్ టూ టూ (.22) రైఫిల్ పేల్చాడు, పైగా ఫోన్లో అమెరికా షూటింగ్ వీడియోలు తెగ చూస్తాడు.

"మామా, ఆ మూడొందల పదైదు ఇంగా ఎన్నాళ్లు పెట్టుకుంటావు? సిక్స్ పాయింట్ ఫైవ్ క్రీడ్‌మూర్ వచ్చినాక పాత తూటాలన్నీ మ్యూజియంకే!"

"నేను పేల్చేది పందుల్ని బెదరగొట్టేదానికి రా అల్లుడా. సౌండుకు కొత్తేంది, పాతేంది?"

మామ జవాబు బాగానే పేలింది కానీ, అల్లుడి మాటలోనూ విషయం ఉంది. ఎక్కడిదాకా ఉందన్నదే చూడాలి.

తూటాలో నాలుగు భాగాలుంటాయి: ఇత్తడి గొట్టం, అడుగున నిప్పు అంటించే ప్రైమర్, లోపల తుపాకీ మందు, మూతి దగ్గర బుల్లెట్. పేర్లలో .315, .308 లాంటి అంకెలు బుల్లెట్ మందం దాదాపు ఎన్ని అంగుళాలో, 6.5 లాంటివి ఎన్ని మిల్లీమీటర్లో చెప్తాయి. కొత్త తూటా, పాత తూటా అని జనం వాదించుకునేది ఈ నాలుగింటి కొలతల గురించే. అమెరికా సైన్యం 1906లో తీసుకున్న .30-06, 1952లో వచ్చిన .308 విన్చెస్టర్ 'పాత' జట్టులో పెద్దలు. తూటాలు తయారుచేసే హోర్నడీ కంపెనీ 2007లో బయటపెట్టిన 6.5 క్రీడ్‌మూర్ 'కొత్త' జట్టుకు కెప్టెన్ లాంటిది. అమెరికాలో జింకల వేటకు, దూరపు టార్గెట్లకు ఏది మేలన్న తగువు ఇప్పట్లో తెగేలా లేదు.

మన దగ్గర వేట ప్రశ్నే లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని మూసేసింది. పంట తినే జంతువునైనా సరే, అధికారి రాతపూర్వకంగా అనుమతిస్తే తప్ప కాల్చకూడదు. అసలు మన దేశంలో ఏ తూటా 'సంప్రదాయం' అయిందో తేల్చిన ఘనత బాలిస్టిక్స్ (తూటా ఎలా పోతుందో చెప్పే శాస్త్రం) కంటే చట్టానిదే. .303 అప్పట్లో సైన్యం వాడే తూటా కాబట్టి మామూలు జనానికి నిషిద్ధం. అందుకని 1890ల నాటి ఆస్ట్రియా సైన్యపు 8 మిల్లీమీటర్ల తూటాను తెచ్చి, .315 అని పేరు పెట్టి లైసెన్సుదారులకు అమ్మారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బ్రిటిష్ వాళ్లు .450 తూటాలను ఇండియాలో నిషేధిస్తే, లండన్ తుపాకీ కంపెనీలు ఆ నిషేధాన్ని తప్పించుకోవడానికే .470, .465 లాంటి కొలతలు పుట్టించాయి. మామ చేతిలోని రైఫిల్‌ను ఎన్నుకున్నది మామ కాదు, ఎప్పుడో పోయిన వైస్రాయ్‌ల కాలపు గెజిట్.

ఇక అల్లుడి సంగతి. క్రీడ్‌మూర్ అంటే రాకెట్ వేగమని వాడు అనుకుంటాడు. రెండు తూటాలూ పక్కపక్కన నిలబెట్టి చూస్తే ఆ భ్రమ పోతుంది. క్రీడ్‌మూర్ ఇత్తడి గొట్టమే కాస్త పొట్టి. అందులోంచి బయటికొచ్చిన బుల్లెట్ మాత్రం సన్నగా, పొడుగ్గా, మొన తేలి ఉంటుంది. .308లో టార్గెట్లకు వాడే బుల్లెట్ దాదాపు 11 గ్రాములు, క్రీడ్‌మూర్‌ది 9 గ్రాములు. బ్యారెల్ దాటేటప్పుడు రెండింటి వేగమూ సెకనుకు 800 మీటర్ల పైచిలుకే, చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా ఆ తర్వాతే మొదలవుతుంది. సన్నగా పొడుగ్గా ఉన్నది గాలిని తేలిగ్గా చీల్చుకుపోతుంది, వేగాన్ని తక్కువ పోగొట్టుకుంటుంది.

పొడుగు బుల్లెట్‌కు ఒక చిక్కుంది. బాగా తిరగకపోతే దారిలోనే పల్టీలు కొడుతుంది. బొంగరం లాగే, తిరుగుతున్నంతసేపే నిలబడుతుంది. ఎంత పొడుగుకు ఎంత తిప్పు కావాలో గ్రీన్‌హిల్ అనే గణితవేత్త 1879లోనే సూత్రం కట్టాడు. బుల్లెట్‌ను తిప్పేది బ్యారెల్ లోపల మెలికగా చెక్కిన గాడులు. .308 బ్యారెళ్లలో అవి సాధారణంగా 10 లేదా 12 అంగుళాలకు ఒక చుట్టు తిరిగితే, క్రీడ్‌మూర్‌లో 8 అంగుళాలకే తిరుగుతాయి. ఆ లెక్కన బుల్లెట్ సెకనుకు నాలుగు వేల చుట్లు తిరుగుతూ బయటికొస్తుంది.

ఇదంతా కొత్తగా కనిపెట్టిందా అంటే, కాదు. స్వీడన్ సైన్యం 1890లలోనే 6.5 మిల్లీమీటర్ల సన్నని తూటా వాడింది, అదీ పది గ్రాముల పొడుగు బుల్లెట్‌తో. క్రీడ్‌మూర్ చేసిందల్లా ఆ పాత తెలివిని పొట్టి గొట్టంలో కుదించి, నేటి రైఫిల్ మ్యాగజైన్‌లో (తూటాలు నింపే పెట్టెలో) పట్టేలా పేర్చడం. నన్నడిగితే దీన్ని మంచి ప్యాకింగ్ అంటాను. మధ్యలో ఒక తరం దారి తప్పింది, 1963 నాటి .300 విన్చెస్టర్ మాగ్నమ్ లాంటి వాటిలో మందు దట్టించి వేగం పెంచుకుంటూ పోయారు. వేగం పెరిగింది, భుజానికి తన్నూ పెరిగింది. తన్ను పెరిగితే ట్రిగ్గర్ నొక్కే ముందే చెయ్యి జంకుతుంది, గురి అక్కడే పోతుంది. క్రీడ్‌మూర్ తన్ను .308 కంటే బాగా తక్కువ. దాన్ని వాడేవాళ్ల స్కోర్లు మెరుగుపడటంలో ఈ మెత్తదనం వాటా చాలా ఉందని నా నమ్మకం.

ఇప్పుడు గాలి సంగతి. రామగిరి కొండల మీద గాలిమరలు ఎందుకు నిలబెట్టారో అనంతపురం వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆషాఢం గాలికి టార్గెట్ కాగితమే నిలవదు. ఆ గాలి బుల్లెట్‌ను ఎంత పక్కకు నెడుతుంది?

అల్లుడికి తెలిసిన .22నే తీసుకుందాం. పోటీల్లో వాడే మ్యాచ్ తూటా బుల్లెట్ 2.6 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 325 మీటర్లు. 50 మీటర్లు పోవడానికి 0.16 సెకను పడుతుంది. ఆ కాస్త సేపట్లోనే భూమి దాన్ని 12 సెంటీమీటర్లు కిందికి లాగుతుంది, గురి చూసే సైట్‌ను సవరించుకునేది అందుకే. పక్క నుంచి సెకనుకు 4 మీటర్ల గాలి వీస్తోందనుకోండి. 4ని 0.16తో గుణిస్తే 64 సెంటీమీటర్లు. బీటెక్ వాళ్లు కూడా మొదట ఈ లెక్కే వేస్తారు. నిజానికి బుల్లెట్ జరిగేది మూడు సెంటీమీటర్లే.

ఎందుకంటే గాలి బుల్లెట్‌ను పక్క నుంచి చేత్తో తోసినట్టు తోయదు. తిరుగుతున్న బుల్లెట్ తనకు ఎదురయ్యే గాలి వైపు మూతిని రవ్వంత తిప్పుకుంటుంది. ఇక దాన్ని వెనక్కి లాగే బలం నేరుగా వెనక్కి కాకుండా, గాలి వాలు వైపు కొంచెం ఒరిగి లాగుతుంది. పక్కకు జరగడమంతా ఆ ఒరిగిన లాగుడు వల్లే. లాగుడు లేకపోతే జరగడమూ లేదు. అందుకే లెక్కలోకి రావాల్సింది ప్రయాణ కాలం మొత్తం కాదు, ఆలస్యం. వేగం అస్సలు తగ్గకపోతే 50 మీటర్లకు ఎంత పట్టేదో, నిజంగా ఎంత పట్టిందో, ఆ రెంటి తేడా. మన .22కు ఆ తేడా సెకనులో వెయ్యో వంతులు ఏడు. దాన్ని గాలి వేగంతో గుణిస్తే మూడు సెంటీమీటర్లు వచ్చేస్తుంది. అంతేగా అనుకోకండి. ఒలింపిక్ 50 మీటర్ల టార్గెట్‌లో పది పాయింట్ల వలయం అడ్డంగా 10.4 మిల్లీమీటర్లే. మూడు సెంటీమీటర్లు జరిగితే పది రావాల్సిన చోట ఏడు వస్తుంది.

ఇందులోంచే ఒక వింత పుడుతుంది. వేగంగా పోయే .22 తూటాలు కూడా దొరుకుతాయి, సెకనుకు 380 మీటర్ల దాకా. అవి త్వరగా చేరతాయి కాబట్టి గాలికి తక్కువ జరగాలి కదా? ఎక్కువ జరుగుతాయి! ధ్వని వేగం దాటిన మొద్దు బుల్లెట్ మీద గాలి లాగుడు ఒక్కసారిగా పెరుగుతుంది. త్వరగా చేరినా, దారిలో పోగొట్టుకునేది ఎక్కువ, అంటే ఆలస్యమూ ఎక్కువే. పోటీలకు వెళ్లేవాళ్లు ఏరికోరి నెమ్మది తూటా కొనేది అందుకే.

ఇదే లెక్క .308కి, క్రీడ్‌మూర్‌కి వేస్తే తగువు సగం తేలిపోతుంది. అదే 4 మీటర్ల గాలిలో 500 మీటర్ల దూరానికి .308 అర మీటరు దాటి జరుగుతుంది, క్రీడ్‌మూర్ 40 సెంటీమీటర్ల లోపే ఉంటుంది. పెద్ద తేడాయే. 100 మీటర్ల దగ్గర ఆ తేడా అర సెంటీమీటరు. జింకను వంద, నూట యాభై మీటర్లలో కొట్టే అమెరికా వేటగాడు తాత ఇచ్చిన .30-06 పక్కన పెట్టాల్సిన పనేమీ లేదు. అక్కడ ఏ పల్లె కొట్టుకెళ్లినా దాని తూటాలు దొరుకుతాయి కూడా. అర కిలోమీటరు అవతల ఇనుప పలక మోగించాలనుకునే వాడికి మాత్రం అల్లుడి మాటే రైటు.

మన ఎండల్ని కూడా ఈ లెక్కలో కలపాలి. కర్నూలు మే నెలలో నలభై డిగ్రీలంటే, పదిహేను డిగ్రీల గాలి కంటే సాంద్రత ఎనిమిది శాతం తక్కువ. అనంతపురం ఎత్తు కూడా కలిస్తే పది శాతం దాటుతుంది. పల్చటి గాలిలో బుల్లెట్ వేగం నిలుపుకుంటుంది, కొంచెం పైన తగులుతుంది. ధ్వని వేగం కూడా సెకనుకు 355 మీటర్లకు చేరుతుంది. మందు వేడెక్కితే ఇంకాస్త గట్టిగా మండుతుంది. కారు డాష్‌బోర్డు మీద ఎండలో పడేసిన తూటా, నీడలో ఉన్న తూటా ఒకే చోట తగలవు. వేడికి ఎక్కువ మారని మందులు ఇటీవల వచ్చాయి. కొత్త జట్టుకు నేను మనస్ఫూర్తిగా మార్కులేసేది ఇక్కడే, అయితే ఆ మందును పాత .308లో పోసుకున్నా అంతే మేలు.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం గెలిచింది .22 లాంగ్ రైఫిల్ తూటాతో. అది పుట్టింది 1887లో. ఆ స్థాయి షూటర్లు తూటా పేరు గురించి వాదించుకోరు, పెట్టె మీది లాట్ నంబరు, అంటే ఒకే విడతలో తయారైన తూటాల గుర్తు చూస్తారు. ఒకే కంపెనీ, ఒకే రకం తూటా అయినా ఒక్కో లాట్ ఒక్కో బ్యారెల్‌తో ఒక్కోలా పడుతుంది. అందుకని రైఫిల్‌ను బిగింపులో పెట్టి, ఒక్కో లాట్ నుంచి పది పది పేల్చి, కాగితం మీద రంధ్రాలు ఎంత దగ్గరగా పడ్డాయో కొలుస్తారు. బాగా పడిన లాట్ దొరికిందంటే, అయిపోయేలోపే ఆ నంబరు పెట్టెలు దొరికినన్ని కొనిపెట్టుకుంటారు.