‘ఎల్‌డీఎల్ పెరగదు’ అన్న నమ్మకం 2003 నుంచి

కార్బ్స్ (పిండిపదార్థాలు) బాగా తగ్గించి కొవ్వు ఎక్కువ తినే కీటో డైట్ మీద గొడవ మళ్లీ రాజుకుంది. కార్బ్స్ బాగా తగ్గించాక ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్టరాల్, సగటున 250 (డెసిలీటరు రక్తానికి మిల్లీగ్రాములు) దాటిన వందమంది గుండె రక్తనాళాలను ఏడాది పాటు గమనించిన అమెరికా అధ్యయనం 2025 ఏప్రిల్‌లో వచ్చింది. వీళ్లంతా సన్నగా, ఆరోగ్యంగా ఉన్నవాళ్లే. ‘ఎల్‌డీఎల్ ఎంత ఉందన్నదానికీ పూడిక పెరగడానికీ (రక్తనాళాల్లో పేరుకునే కొవ్వు) సంబంధం కనబడలేదు’ అన్నారు పరిశోధకులు. ఆ ఒక్క మాట పట్టుకుని మందులు మానేద్దామా అనే వరకూ వెళ్లినవాళ్లున్నారు.

కార్బ్స్ మానేసి కొవ్వు తినమన్న అమెరికా డాక్టర్ అట్కిన్స్ కథ అందరికీ తెలిసిందే. అసలు మలుపు 2003 మే నెలలో వచ్చింది. న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఒకే సంచికలో అలాంటి తక్కువ కార్బ్స్ డైట్ మీద రెండు అధ్యయనాలు వేసింది. ఒకదాంట్లో 63 మంది, రెండోదాంట్లో 132 మంది. అన్నేసి కొవ్వులు తింటే కొలెస్టరాల్ అమాంతం పెరుగుతుందని డాక్టర్లు భయపడ్డారు. అలా జరగలేదు. రెండింటిలోనూ రక్తంలోని ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు తగ్గాయి, ఒకదాంట్లో హెచ్‌డీఎల్, అంటే మంచి కొలెస్టరాల్, కూడా పెరిగింది. చివరికి ఎల్‌డీఎల్‌లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

కానీ ఆ తిండి తిన్నది ఎవరు? అందరూ ఊబకాయులు. 132 మంది ఉన్న అధ్యయనంలో సగటు బరువు 131 కిలోలు, చాలామందికి షుగర్ కూడా ఉంది. అలాంటి శరీరం బరువు తగ్గుతున్నప్పుడు ఎల్‌డీఎల్ కూడా కొంత దిగుతుంది కాబట్టి, తిన్న కొవ్వు చేసే పని పైకి కనబడదు. ‘ఎల్‌డీఎల్ పెరగదు’ అన్న మాట మాత్రం ఊళ్లు దాటింది. ఎవరిలో పెరగలేదన్నది వెనకే ఉండిపోయింది.

మన దగ్గరికి అది వీరమాచనేని రామకృష్ణ గారి డైట్‌తో ఇంటింటికీ వచ్చింది. అన్నం మానేసి కొబ్బరినూనె తాగినవాళ్లలో చాలామందికి బరువు, షుగర్ తగ్గిన మాట నిజమే. మన తిండిలో 62 శాతం కేలరీలు కార్బ్స్ నుంచే వస్తున్నాయని ఐసీఎంఆర్ సర్వే చెబుతోంది. అవి తగ్గితే ట్రైగ్లిజరైడ్లు దిగడం సహజం. రిపోర్టులో ఆ లైను చూసి సంబరపడి, ఎల్‌డీఎల్ లైను వదిలేయడమే నాకు బాధ కలిగించే విషయం. మామూలు వంటనూనెలకు బదులు కొబ్బరినూనె వాడితే ఎల్‌డీఎల్ సుమారు 10 పాయింట్లు పెరుగుతుందని 2020లో పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్కగట్టారు.

2003లో వేయని ప్రశ్నకు జవాబు నార్వేలో దొరికింది. 2018లో మామూలు బరువున్న 30 మంది యువతపై పరీక్ష చేశారు. కొందరికి రోజుకు 20 గ్రాముల లోపే కార్బ్స్ ఇచ్చారు. మూడు వారాల్లోనే వాళ్ల ఎల్‌డీఎల్ 44 శాతం పెరిగింది. 2024లో 41 పరీక్షలను కలిపి చూసినప్పుడూ అదే తేలింది. బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 25 లోపున్నవాళ్లలో సగటున 41 పాయింట్లు పెరిగింది, 35 దాటినవాళ్లలో పెరగలేదు.

సన్నగా ఉన్నవాళ్ల సంగతి వేరని కీటో వర్గం కూడా ఒప్పుకుంటుంది. ఇంధనంగా కొవ్వును మోయడానికే ఎల్‌డీఎల్ పెరుగుతుందని, అది ప్రమాదం కాదని వాళ్ల వాదన. అయితే మొదట చెప్పిన 2025 అధ్యయనంలోని ఆ వందమందిలోనే మెత్తటి పూడిక ఏడాదిలో సుమారు 19 ఘనపు మిల్లీమీటర్లు పెరిగింది. అదే ప్రధాన ఫలితంగా ముందు కనబడాల్సిందని విమర్శకులు అడుగుతున్నారు. అన్నం తినేవాళ్లను పక్కన పెట్టి పోల్చలేదు, గమనించింది కూడా ఒక్క ఏడాదే. రక్తనాళం పూడుకుపోవడానికి మాత్రం ఇరవై ముప్ఫై ఏళ్లు పడుతుంది.