ప్రోటీన్ మీద కోరుకున్న చోటే గుర్తు: శతాబ్దం దాటిన ప్రయత్నం

బ్యాక్టీరియాకు జన్యువు అందిస్తే చాలు, ప్రోటీన్‌ను చవగ్గా తయారుచేసి పెడుతుంది. అయినా రసాయన శాస్త్రవేత్తలు అదే ప్రోటీన్‌ను ప్రయోగశాలలో కట్టడానికి తంటాలు పడుతున్నారు. కారణం, మన కణాల్లో ప్రోటీన్ తయారయ్యాక దానికి ఫాస్ఫేటో, చక్కెర గొలుసో, యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీనో గుర్తులా వచ్చి అతుక్కుంటుంది. ఎక్కడ అతుక్కుందన్న దాన్ని బట్టి దాని పనే మారిపోవచ్చు. కణాల నుంచి తీసి చూస్తే ఈ రూపాలన్నీ కలగాపులగంగా వస్తాయి. ఏది ఏం చేస్తోందో తేల్చాలంటే ఒకే రూపం విడిగా దొరకాలి.

ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. 1901లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఎమిల్ ఫిషర్ గ్లైసిన్ అనే అమైనో ఆమ్లాలు రెండింటిని కలిపాడు. 1907 నాటికి 18 అమైనో ఆమ్లాల దాకా వెళ్లాడు. 1963లో అమెరికన్ రసాయన శాస్త్రవేత్త మెరిఫీల్డ్ గొలుసు ఒక కొసను రెసిన్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) పూసకు కట్టి, ఒక్కో అమైనో ఆమ్లాన్ని చేర్చే పద్ధతి తెచ్చాడు. పని సులువైంది కానీ లెక్క కలిసిరాలేదు. ఒక్కో అడుగు 99 శాతం సఫలమైనా వంద అడుగుల తర్వాత సరైన గొలుసు మిగిలేది 37 శాతమే. మిగతావన్నీ దాదాపు దానిలాగే ఉంటాయి, వేరుచేయడం నరకం. అందుకే యాభై అమైనో ఆమ్లాలు దాటితే టెన్షన్.

చిన్న ముక్కలుగా చేసి తర్వాత అతికించడమే దారి. దానికి వీలిచ్చే రసాయన చర్యను జర్మనీలో థియోడార్ వీలాండ్ 1953లోనే గమనించాడు. దానితో పెద్ద ప్రోటీన్లు కట్టొచ్చని చూపడానికి నలభై ఏళ్లు పట్టడం నాకైతే ఇప్పటికీ వింతే. 1994లో స్టీఫెన్ కెంట్ బృందం ఒక ముక్క చివర థయోఎస్టర్ (గంధకం ఉన్న, సులువుగా చర్య జరిపే సమూహం), రెండో ముక్క మొదట సిస్టీన్ (గంధకం ఉన్న అమైనో ఆమ్లం) పెట్టి నీటి ద్రావణంలో కలిపింది. ముందు గంధకం ముక్కలను కలుపుతుంది, తర్వాత ఆ బంధం నైట్రోజన్‌కు జరిగి ప్రోటీన్లలో అమైనో ఆమ్లాలను కలిపే మామూలు పెప్టైడ్ బంధంగా స్థిరపడుతుంది. హైదరాబాద్‌లోని టీఐఎఫ్ఆర్ (టాటా మౌలిక పరిశోధన సంస్థ)లోనూ ఇలా ప్రోటీన్లు కడుతున్నారు.

1998లో టామ్ మ్యూర్ బృందం గుర్తున్న ముక్కను మాత్రమే రసాయనికంగా చేసి, మిగతాది బ్యాక్టీరియా చేత చేయించింది. ఫలితం 2008లో స్పష్టంగా కనిపించింది. డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రోటీన్లలో ఒకటైన హెచ్2బిలో 120వ స్థానంలోని లైసిన్ అనే అమైనో ఆమ్లానికి యుబిక్విటిన్ అతికిస్తే, హెచ్3 హిస్టోన్‌లో 79వ స్థానంలోని లైసిన్‌కు మిథైల్ అనే చిన్న గుర్తు చేర్చే డాట్1ఎల్ ఎంజైమ్ పుంజుకుందని తేలింది.

2013లో డానిషెఫ్‌స్కీ బృందం ఎర్ర రక్తకణాల తయారీని పెంచే, 166 అమైనో ఆమ్లాల ఎరిత్రోపొయెటిన్ హార్మోన్‌ను నాలుగు చోట్లా నిర్ణీత చక్కెర గొలుసులతో కట్టింది. రోగులకు ఇచ్చే ఇంజెక్షన్‌లో ఉండేది మాత్రం ఇప్పటికీ ప్రధానంగా హ్యామ్‌స్టర్ కణాలు తయారుచేసిన మిశ్రమమే.