అలసట పోదు, అలసిన కబురే ఆగిపోతుంది

చిరంజీవులకు,

కొకైన్, మెథ్ (మెథాంఫిటమిన్ అనే ఉత్తేజపరిచే మత్తుమందు), గంజాయి గురించి మీ చెవిన ఇప్పటికే రెండు రకాల మాటలు పడి ఉంటాయి. ఒక్కసారి ముట్టుకుంటే ప్రాణం పోతుందని కొందరంటారు. ఆకే కదా, ఏమీ కాదని ఇంకొందరంటారు. ఈ రెంటిలో ఏదీ మీకు పనికొచ్చే మాట కాదు. ఆ పదార్థం ఒంట్లోకి వెళ్లాక ఎక్కడికి చేరుతుంది, అక్కడ ఏం చేస్తుంది, ఎంతసేపు ఉంటుంది అన్నది తెలిస్తే మిగతాది మీకే అర్థమవుతుంది. అందుకే ఈ ఉత్తరం. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందు కెఫీన్‌తో మొదలుపెడతాను, అది అందరికీ తెలిసిందే కనుక. మనం మేలుకొని ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. కణాల మీద దాని కబురు అందుకునే కుర్చీల్లాంటి చోట్లుంటాయి, వాటినే గ్రాహకాలంటారు. అది ఆ గ్రాహకాల మీద కూర్చున్నకొద్దీ నిద్ర ముంచుకొస్తుంది. కెఫీన్ వెళ్లి ఆ కుర్చీల్లో ముందే కూర్చుంటుంది. అడెనోసిన్ తగ్గదు, దానికి చోటు దొరకదంతే. అలసట పోలేదు, అలసిపోయామన్న కబురు మనకు చేరలేదు. కాఫీతో ఇది చిన్న వ్యవహారం. కొకైన్, మెథ్‌ల దగ్గరకు వచ్చేసరికి ఇదే ప్రాణం మీదికొస్తుంది.

రెండు నాడీకణాలు కలిసేచోట ఒక సందు ఉంటుంది. దాని వెడల్పు మిల్లీమీటరులో దాదాపు 50 వేలో వంతు. మొదటి కణం ఆ సందులోకి కొద్దిగా డోపమైన్ అనే కబురు మోసే పదార్థం వదులుతుంది, రెండోది అందుకుంటుంది. వెంటనే మొదటి కణం తన గోడలో ఉన్న పంపుతో మిగిలిన డోపమైన్‌ను వెనక్కి లాక్కుంటుంది. ఈ లాక్కోవడం చాలా ముఖ్యం. బడిగంట మోగి ఆగితేనే దానికో అర్థం, ఆగకుండా మోగితే అది ఏం చెబుతోందో ఎవరికీ తెలియదు. కొకైన్ ఆ పంపుకు అడ్డం పడుతుంది. డోపమైన్ సందులోనే నిలిచిపోతుంది. మెథ్, దాని చుట్టమైన యాంఫిటమిన్ ఇంకా లోపలికి పోతాయి. అదే పంపు గుండా కణంలోకి దూరి, సంచుల్లో దాచిన డోపమైన్‌ను బయటికి తోసి, పంపును తలకిందులుగా నడిపిస్తాయి. లోపలికి లాగాల్సింది బయటికి కక్కుతుంది. ఒంట్లోని కొకైన్ సుమారు గంటలో సగానికి తగ్గుతుంది. మెథ్ సగం కావడానికి 10 నుంచి 12 గంటలు పడుతుంది. అందుకే కొకైన్ వాడినవాళ్లు కాసేపటికే మళ్లీ వెతుక్కుంటారు, మెథ్ వాడినవాళ్లు రెండు మూడు రాత్రులు కన్నుమూయరు.

డోపమైన్‌తోపాటు గుండెను ఉరికించే నార్‌అడ్రినలిన్ అనే పదార్థం కూడా ఇలాగే పెరుగుతుంది, గుండెకు ముప్పు ముఖ్యంగా దానివల్లే. గుండె వేగంగా, బలంగా కొట్టుకుంటుంది కనుక దానికి ఎక్కువ రక్తం కావాలి. సరిగ్గా అప్పుడే గుండెకు రక్తం తెచ్చే నాళాలు బిగుసుకుంటాయి, రక్తం త్వరగా గడ్డకడుతుంది. నాళాల్లో కొవ్వు పేరుకోని కుర్రవాళ్లకు కూడా కొకైన్ వల్ల గుండెపోటు వచ్చేది ఇందుకే. వాడిన తర్వాతి మొదటి గంటలో ఆ ముప్పు మామూలుకన్నా సుమారు 24 రెట్లని ఒక అధ్యయనం లెక్కగట్టింది. కొకైన్‌కు ఇంకో గుణం కూడా ఉంది. 1884లో కార్ల్ కోలర్ అనే వైద్యుడు కంటి ఆపరేషన్‌లో నొప్పి తెలియకుండా దీన్ని చుక్కలుగా వాడాడు. నరాల్లో కరెంటు పారే దారులను మూసి తిమ్మిరి తెప్పించడం దాని పని. అలాంటి దారులే గుండెలోనూ ఉన్నాయి. అవి మూతపడితే గుండె లయ తప్పుతుంది. మద్యంతో కలిస్తే కాలేయంలో కోకాఇథిలిన్ అనే కొత్త పదార్థం తయారవుతుంది. అది కొకైన్ కన్నా ఎక్కువసేపు ఒంట్లో నిలిచి, గుండెకు మరింత బరువవుతుంది.

ముక్కు సంగతి చాలామందికి తెలియదు. రెండు రంధ్రాల మధ్య గోడలోని మృదులాస్థికి సొంత రక్తనాళాలు ఉండవు, పైపొర నుంచే దానికి ఆహారం అందాలి. కొకైన్ పీల్చిన ప్రతిసారీ ఆ పొరలోని నాళాలు ముడుచుకుంటాయి. పొర చచ్చి, చివరికి గోడకు చిల్లు పడుతుంది.

నన్ను అన్నిటికన్నా భయపెట్టేది వేడి. ఈ మందులు ఒంట్లో వేడి పుట్టిస్తాయి, చర్మంలోని నాళాలను బిగించి ఆ వేడిని బయటికి పోనివ్వవు, ఆపై అలసిన కబురును ఆపేస్తాయి. దాంతో మనిషి కిక్కిరిసిన గదిలో గంటల తరబడి గెంతుతూనే ఉంటాడు. 37 డిగ్రీల దగ్గర ఉండాల్సిన ఒళ్లు 40 దాటితే కండరాలు కరగడం మొదలవుతుంది. ఆ కండరాల చెత్త కిడ్నీల్లో అడ్డుపడుతుంది, మూత్రం టీ డికాషన్ రంగుకు తిరుగుతుంది. ఎక్స్టసీ అని పిలిచే ఎమ్‌డీఎమ్‌ఏ (ఇదీ యాంఫిటమిన్ కుటుంబానిదే) విషయంలో నీళ్లు బాగా తాగితే చాలని ఒక సలహా తిరుగుతుంటుంది. అది సగమే నిజం. ఆ మందు ఒంట్లో నీటిని పట్టి ఉంచే హార్మోన్‌ను పెంచుతుంది. మరీ ఎక్కువ తాగితే రక్తంలో సోడియం పడిపోయి మెదడు వాస్తుంది. ఎండిపోయీ ప్రమాదమే, నిండిపోయీ ప్రమాదమే.

మందు దిగాక ఆగిన కబుర్లన్నీ ఒక్కసారిగా వస్తాయి. ఆకలి, రోజంతా నిద్ర, దేనిమీదా మనసు పోకపోవడం. డోపమైన్ నిల్వ తరిగింది, దాన్ని అందుకునే గ్రాహకాలనూ మెదడు తగ్గించుకుంది. అలాంటప్పుడు కొందరికి చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంది, ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. చాలాకాలం వాడినవాళ్లకు అనుమానాలు ముదురుతాయి. చర్మం కింద పురుగులు పాకుతున్నట్టనిపించి పుండ్లు పడేలా గోక్కుంటారు.

పరీక్షల ముందు స్నేహితుడి ఏడీహెచ్‌డీ (మనసు ఒకచోట నిలవని సమస్య) మాత్ర అడిగే పిల్లలున్నారు. ఆ మాత్ర కూడా ఎక్కువగా ఈ కుటుంబానిదే. అవసరమైనవాళ్లకు డాక్టరు బీపీ, గుండె చూసి, కొద్ది మోతాదుతో మొదలుపెట్టి ఇస్తారు, వాళ్లకు అది మేలే చేస్తుంది. మీకు మాత్రం అది మేలుకొని ఉండటమే ఇస్తుంది. చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే.

ఇక గంజాయి. ఇందులో మత్తెక్కించే టీహెచ్‌సీని 1964లో ఇజ్రాయెల్‌లో రఫాయెల్ మెషూలం, యెహియెల్ గావోని గుర్తించారు. ఈ మొక్క పదార్థం పట్టడానికి మన మెదడులో తలుపు ఎందుకుందన్న ప్రశ్నకు 1992లో జవాబు దొరికింది. మన ఒళ్లే అలాంటి పదార్థాన్ని తయారుచేసుకుంటుంది. దానికి సంస్కృతంలోని ఆనందం నుంచి ఆనందమైడ్ అని పేరు పెట్టారు. అది చేసే పని బ్రేకు. కబురు అందుకున్న కణం, ఇక చాలు అని దీని ద్వారా పంపిన కణానికి తిరిగి చెబుతుంది. అవసరమైన చోటే పుడుతుంది, నిమిషాల్లో కరిగిపోతుంది. టీహెచ్‌సీ అలా కాదు. మెదడంతా ఒకేసారి బ్రేకు తొక్కి గంటలపాటు పట్టుకుంటుంది.

ఆ బ్రేకు జ్ఞాపకం మీద పడితే ఎలా ఉంటుందో చూడండి. మనిషి ఒక వాక్యం మొదలుపెడతాడు, సగంలోకి వచ్చేసరికి మొదలు గుర్తుండదు. మాట పోలేదు, దాన్ని పట్టి ఉంచే హిప్పోక్యాంపస్ అప్పటికి పని ఆపింది. చిన్నమెదడు మీద పడితే తూకం తప్పుతుంది, బండి నడపడంలో ఆ క్షణం ఆలస్యమే ప్రాణాలు తీస్తుంది. భయాన్ని చూసుకునే భాగంలో కొద్ది మోతాదు నెమ్మదినిస్తే, ఎక్కువైనది గాభరా పుట్టిస్తుంది. రక్తనాళాలు విప్పారి కళ్లు ఎర్రబడతాయి, గుండె నిమిషానికి 20 నుంచి 50 సార్లు ఎక్కువ కొట్టుకోవచ్చు. ఊపిరిని నడిపే మెదడు కాండంలో ఈ గ్రాహకాలు తక్కువ, అందుకే పెద్దవాళ్లకు హెరాయిన్‌లా దీనితో ఊపిరి ఆగదు. ఈ నిజాన్ని దాచను. అయితే పొరపాటున మింగిన పసిపిల్లలు స్పృహ తప్పి, ఊపిరి నెమ్మదించి ఆసుపత్రి పాలవుతారు.

ఎక్కువ పొరపాట్లు తిండిలో కలిపి తినే గంజాయితో జరుగుతాయి. పొగ నిమిషాల్లో ఎక్కి రెండు మూడు గంటల్లో దిగుతుంది. తిన్నది ఎక్కడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. కాలేయం దాన్ని ఇంకా గట్టి రూపంలోకి మారుస్తుంది, అది ఆరేడు గంటలు ఉంటుంది. ఏమీ కాలేదే అని గంటకు మళ్లీ తిన్నవాడికి రెండూ కలిసి ఎక్కుతాయి. ఇక గంజాయి పేరుతో అమ్మే సింథటిక్ రకాలు, అంటే రసాయనాలతో తయారుచేసినవి, వేరే జాతి. టీహెచ్‌సీ గ్రాహకాన్ని కొంతవరకే కదిలిస్తే, అవి పూర్తిగా కదిలిస్తాయి. వాటితో ఫిట్స్ వస్తాయి, ప్రాణాలూ పోయాయి.

టీహెచ్‌సీ కొవ్వులో కరిగి అక్కడే దాక్కుంటుంది, రోజూ వాడినవాళ్ల మూత్రంలో వారాల తర్వాత కూడా దాని ఆనవాలు కనబడుతుంది. వాడినవాళ్లలో సుమారు పది మందిలో ఒకరు దానికి బానిసవుతారు, టీనేజిలో మొదలుపెడితే ఆరుగురిలో ఒకరు. ముందుచూపు చూసే మెదడు ముందుభాగం పాతికేళ్ల దాకా ఇంకా అల్లుకుంటూనే ఉంటుంది, ఆ అల్లికలో మన సొంత ఆనందమైడ్‌కు పాత్ర ఉంది. గంజాయితో మతి చలించే ప్రమాదం కూడా ఉంది, ఇంట్లో ఎవరికైనా స్కిజోఫ్రీనియా (లేనివి కనబడటం, వినబడటం ఉండే మానసిక జబ్బు) ఉంటే ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఏళ్ల తరబడి వాడిన కొందరికి ఆగని వాంతులు పట్టుకుంటాయి, వేణ్నీళ్ల స్నానంతో తప్ప తగ్గవు. మానేస్తేనే అవి పూర్తిగా పోతాయి. మానిన మొదటి వారం చిరాకు, నిద్రలేమి, చెడ్డ కలలు వస్తాయి. చాలామందికి రెండు వారాల్లో తగ్గుముఖం పడతాయి.

ఇప్పుడు అసలు చేతికి అందాల్సిన మాట. ఎవరికైనా ఛాతీలో నొప్పి, కాలిపోతున్న ఒళ్లు, ఫిట్స్, స్పృహ తప్పడం, వీటిలో ఏది కనబడినా వెంటనే అంబులెన్సును పిలవండి. ఒళ్లు కాలుతుంటే చల్లని చోటికి తెచ్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి విసరండి. గొడవ చేస్తున్న మనిషిని అదిమి కట్టేయకండి, పెనుగులాటలో వేడి ఇంకా పెరుగుతుంది. ఫిట్స్ వస్తే చుట్టూ ఉన్న వస్తువులు తీసేయండి, నోట్లో ఏదీ పెట్టకండి. స్పృహ లేకుండా ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వాంతి గొంతుకు అడ్డుపడదు. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో 5 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండండి. డాక్టరుకు ఏం తీసుకున్నారో, ఎప్పుడో, దేనితో కలిపారో ఉన్నదున్నట్టు చెప్పండి. మామూలు గుండెపోటుకు ఇచ్చే కొన్ని మందులు కొకైన్ ఉన్న ఒంటికి సరిపడకపోవచ్చు, ఆ ఒక్క మాటతో వాళ్లు చేసే వైద్యమే మారుతుంది. తిడతారేమోనని మీలో మీరు అరగంట గుసగుసలాడుకోవద్దు. ముందు ఫోను చేయండి, తిట్లు తర్వాత నేను చూసుకుంటాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య